ఒక పూట కాపురం

పొద్దున. సన్నని ముసురు.

కుందవరం రాజ్యాన్ని ఏలే కంఠీరవభూపతి తన మేడ మీద నిలబడి, ఎదురుగా ఉన్న పెంకుటింటిని చూసి పళ్ళు నూరుతున్నాడు.

కారణం ఉంది. నిన్న విందుకొచ్చిన పొరుగురాజు ఈ మేడ మీదే నిలబడి, మేడ సంగతి వదిలేసి, "ఆ ఇంట్లోవాళ్ళు పెట్టిపుట్టారయ్యా!" అన్నాడు.

ఏడంతస్తులు కట్టింది తను. పొగడ్తేమో గాజులమ్ముకునే ఓబులమ్మ ఇంటికి! రాజుకు కంటిమీద కునుకు లేదు.

ఓబులమ్మను పిలిపించాడు.

"నీ ఇంటి ధర చెప్పు."

"అమ్మే ఇల్లు కాదు దొరా. పోయిన మా ఆయన తన చేతుల్తో కట్టింది."

"అయితే అద్దెకియ్యి."

"అద్దెకిచ్చి నా పిల్లల్ని ఎవరి చూరు కింద పెట్టను?"

"రాజు అడిగాక అమ్మనిదంటూ ఉండదు. ఖాళీ చెయ్యి!"

ఓబులమ్మ వంగి దండం పెట్టింది. మాట మాత్రం తొణకలేదు.

"చిత్తం. కానీ మీ తాతగారి కట్టడి ఒకటుంది కదా దొరా. ఇల్లు కొనేవారు ముందు పరివారం లేకుండా ఒక పూట అందులో కాపురం చేసి చూడాలి. ఆ పూట అమ్మేవాళ్ళకు తమ ఇంట్లో చోటివ్వాలి. దీపాలవేళ తాంబూలం అందుకుంటే బేరం కుదిరినట్టు."

"ఓస్, అంతేనా!"

మధ్యాహ్నం రాజు ఆ ఇంట్లో అడుగుపెట్టాడు. ఓబులమ్మ అత్తనూ, ఇద్దరు పిల్లల్నీ, మేకనూ వెంటబెట్టుకుని మేడకు వెళ్ళింది. గడపలో పిల్లలతో ఒక్కమాటే అంది.

"ఇవాళ మీరెంత అల్లరి చేసినా నేనేమీ అనను."

పెట్టిపుట్టిన ఆ సంగతేమిటో అని రాజు మూలమూలా వెతికాడు. ఒక ఉట్టి, ఒక రోలు, ఒక నులకమంచం. కప్పు కారేచోట ఒక తప్పేలా. టప్. టప్. ఇంకేమీ లేదు.

విసుగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

ఎదురుగా మేడ. వానకు తడిసి మెరుస్తోంది. ఎన్నడూ లేనిది, కిటికీలన్నీ తెరిచి ఉన్నాయి. లోపల పిల్లల కేరింతలు, ముసలమ్మ పాట, మేక అరుపు. వాటి మధ్య ఒక నవ్వు.

రాణి నవ్వు! పెళ్ళయిన నాటినుంచి తన దగ్గర ఒక్కసారైనా అలా నవ్వలేదే!

రాజు మళ్ళీ పళ్ళు నూరాడు.

దీపాలవేళకు ఓబులమ్మ తాంబూలం పళ్ళెంతో వచ్చింది.

"అందుకోండి దొరా."

రాజు పళ్ళెం వైపు చూడనైనా లేదు. మేడ వైపు వేలు చూపాడు.

"ఆ ఇల్లు కావాలి నాకు! ఎంతైనా ఇస్తా!"

"అది నాది కాదు దొరా. యజమానిని అడగాలి."

"ఎవడు వాడు?"

"మా అరుగు మీద కూర్చున్నారు."

రాజు తన మేడ వైపు చూశాడు. తను కూర్చున్న అరుగు వైపు చూశాడు. తర్వాత నవ్వాడు. అలవాటు లేని నవ్వు కదా, దగ్గొచ్చింది.

మెడలోని హారం తీసి ఆ పళ్ళెంలోనే వేశాడు.

"ఈ ఇంటి ధర ఇక ఎవరూ అడగరు. కప్పు నేను నేయిస్తా. నీ పిల్లల్ని మాత్రం పంపుతూ ఉండు."

"మా మేక మీ పట్టుపరదా కొరికింది దొరా. చెప్పాలి కదా."

"కొరకనీవే!"

ముసురు ఇంకా ఆగలేదు. ఓబులమ్మ గడపలో నిలబడి ఒక్కొక్కరి తలా తడిమి లోపలికి పంపింది. అత్త వచ్చింది. పెద్దది వచ్చింది. చిన్నోడు వచ్చాడు. మేక వచ్చింది, పరదా ముక్క నోట్లోనే ఉంది.

మళ్ళీ ఒకసారి లెక్కపెట్టుకుంది.

అప్పుడు గడియ వేసింది.