నూకాలు ఆడిన నక్కా బాతులాట

అనగనగా ఒక ఊళ్ళో, పెద్ద ఏటి ఒడ్డున, అప్పలాచారి అనే వడ్రంగి ఉండేవాడు కన్నా. పడవలు చెయ్యడం ఆయన పని. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. నోట్లో చుట్ట, చేతిలో ఉలి, అంతే.

వానాకాలం వస్తే ఏరు పొంగేది. పడవలు ఒడ్డుకి కట్టేసేవారు. అప్పుడు ఊరివాళ్ళందరికీ పనుండేది కాదు. పడవల పాకలో చేరి ఊరికే ఒకరినొకరు తిట్టుకునేవారు. ఆ గోల వినలేక ఆచారి ఒక ఆట చేశాడు. పనస చెక్క మీద గీతలు చెక్కాడు. నల్ల కొయ్యతో రెండు నక్కల్ని, తెల్ల కొయ్యతో గుప్పెడు బాతుల్ని చేశాడు. నక్క బాతు మీంచి దూకితే బాతు చచ్చినట్టు. బాతులన్నీ కలిసి నక్కల్ని కదలకుండా చుట్టేస్తే, బాతులు గెలిచినట్టు. దానికి నక్కా బాతులాట అని పేరు పెట్టాడు.

అబ్బ, ఊరంతా ఆ ఆట మీదే పడిందమ్మా! అన్నం చల్లారిపోయినా లేచేవారు కాదు.

ఒకరోజు అచ్చియ్యమ్మ అనే ముసలావిడ ఆచారి దగ్గరికి వచ్చింది. "నాయనా ఆచారీ, ఇదిగో, నక్క ఈ మూలకెళ్ళి కూర్చుంటే దాన్ని ఎవరూ చుట్టలేకపోతున్నారు. బాతులు పట్టినవాళ్ళు ఎవరైనా సరే ఓడిపోతున్నారు. ఇదేం ఆటరా?" అంది.

అప్పుడు ఆచారి ఏం చేశాడు? చెక్క ముందేసుకుని తనే నక్కయ్యాడు, తనే బాతయ్యాడు. ఆడి ఆడి చూశాడు. ముసలావిడ మాట నిజమే. వెంటనే ఆ మూలకి పోయే గీతని లక్కతో పూడ్చేశాడు. ఆ తర్వాత ఆట ఇంకా బాగా కుదిరింది. "ఆచారికి చెబితే వింటాడు" అని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పు ఆయనకి బెల్లంలా తియ్యగా ఉంది.

ఆ ఊళ్ళోనే నూకాలు అనే పిల్ల ఉండేది. నీకంటే కాస్త పెద్దది. వాళ్ళ నాన్న ఏట్లో పోయాడు. అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. నూకాలుకి నత్తి. నోరు తెరిస్తే పిల్లలు నవ్వేవారు. అందుకని మాట్లాడ్డమే మానేసింది. పాకలో ఓ స్తంభానికి ఆనుకుని, ఆట చూస్తూ కూర్చునేది.

ఒకనాడు బాతులు పట్టినాయన విసుగొచ్చి లేచిపోయాడు. అప్పుడు నూకాలు వచ్చి అక్కడ కూర్చుంది. ఓడిపోయింది. మర్నాడూ ఓడిపోయింది. ఆ వానాకాలమంతా ఓడిపోతూనే ఉంది. పడుకున్నా అదే ధ్యాస. నిద్రలో వేళ్ళు కదుపుతుంటే వాళ్ళమ్మ చూసేది.

మళ్ళీ వానలొచ్చాయి. అప్పుడు నూకాలు గెలవడం మొదలుపెట్టింది! ఒక బాతుని వెనక్కి లాగి, ఇంకో బాతుని ఎరగా వదిలి, నక్కని నెమ్మదిగా చుట్టేసేది. ఊళ్ళో అందరికంటే గొప్ప ఆటగాడు గురవయ్య సరంగు. పెద్ద పడవ నడిపేవాడు. ఆయన్నే చుట్టేసింది. చుట్టేసి, "కదల్లేవు మావా!" అంది. నత్తి అన్నదే లేదు! అన్నాక తనే ఉలిక్కిపడి, పకపకా నవ్వింది. అటుగా పోతున్న వాళ్ళమ్మ చేపల గంప దించి, కొంగుతో కళ్ళొత్తుకుంది.

"అయితే అందరూ మెచ్చుకున్నారా అమ్మమ్మా?"

లేదు కన్నా. పెద్దవాళ్ళు చిన్నపిల్ల చేతిలో ఓడితే ఊరుకుంటారా? గురవయ్య నలుగురిని వెంటబెట్టుకుని ఆచారి దగ్గరికి పోయాడు. "ఆచారీ, నీ ఆటలో బాతులకి బలం ఎక్కువైపోయింది. నక్క పట్టినవాడికి బతుకు లేదు" అన్నాడు. ఈసారి ఆచారి ఆడి చూడలేదు. అంతమంది వచ్చారు కదా, అబద్ధమాడతారా అనుకున్నాడు. ఒక బాతుని తీసేశాడు.

నూకాలు కొన్నాళ్ళు ఓడింది. తక్కువ బాతులతో ఎలాగో ఆలోచించింది. మళ్ళీ గెలిచింది.

వాళ్ళు మళ్ళీ వచ్చారు. అప్పుడు ఆచారి, బాతులు వెనక్కి నడవకూడదు అన్నాడు. నూకాలు చాలాకాలం ఓడింది. అయినా పట్టు వదల్లేదు. ముందుకే నడిచి, మళ్ళీ గెలిచింది.

వాళ్ళు మూడోసారి వచ్చారు. అప్పుడు ఆచారి, నక్క ఒకే దూకుడులో రెండు బాతుల్ని తినొచ్చు అన్నాడు.

ఆ తర్వాత నూకాలు గెలవలేదమ్మా. ఎవరు పట్టినా బాతులు గెలవలేదు.

ఒకరోజు ఆ పిల్ల ఆచారి పనిచేసే చోటికి వచ్చి నిలబడింది. "తా... తా... తాతా, బా... బా..." అంది. మాట రాలేదు. ఆచారి తలెత్తకుండానే, "నేనేం చెయ్యనే? అందరూ అడిగారు" అన్నాడు. ఆ పిల్ల వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

ఉప్పు పండించే ఊళ్ళో వాళ్ళ మేనమామ ఉన్నాడు. ఎప్పటినుంచో రమ్మంటున్నాడు. పిల్ల ఇక్కడ నవ్వుతోంది కదా అని వాళ్ళమ్మ ఇన్నాళ్ళూ ఆగింది. ఇంక దేనికి ఆగాలి? తల్లీ కూతురూ మూట కట్టుకుని పడవెక్కి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత పాకలో ఏమైందో తెలుసా? అందరూ నక్కలే కావాలన్నారు. బాతులు పట్టేవాడే లేడు. బాతుల్లేకపోతే ఆట ఎక్కడిది? చెక్క మీద దుమ్ము పడింది. మళ్ళీ తిట్లు మొదలయ్యాయి.

ఆచారి దిగులుగా కూర్చుంటే అచ్చియ్యమ్మ వచ్చింది. "ఆచారీ, ఒక్కటి చెప్పు. బాతులతో నూకాలు కాకుండా ఇంకెవరైనా రోజూ గెలవగా చూశావా?"

ఆచారి ఆలోచించాడు. "లేదమ్మా."

"మరి బలం బాతులదా, ఆ పిల్లదా?"

ఆచారి లేచి, చెక్క మీద దుమ్ము తుడిచాడు.

"నేను వచ్చి చెప్పినప్పుడు నువ్వు ఆడి చూశావు. వాళ్ళు చెప్పినప్పుడు వాళ్ళ మొహాలు చూశావు" అంది ముసలావిడ.

అప్పుడు ఆచారి తీసేసిన బాతుకి బదులు కొత్త బాతుని చెక్కాడు. తను పెట్టిన కొత్త పద్ధతులన్నీ కొట్టేశాడు. చెక్క చంకన పెట్టుకుని పడవెక్కాడు. అడుగుతూ అడుగుతూ ఉప్పు మడుల దగ్గరికి చేరాడు. మండుటెండలో నూకాలు ఉప్పు పోగుచేస్తోంది. కాళ్ళు పగిలిపోయున్నాయి.

"తల్లీ, ఆట మునుపటిలాగే చేశాను. తప్పు నాదే. ఒక్కసారి ఆడమ్మా" అన్నాడు.

నూకాలు చెక్క వైపు చూసింది. వచ్చి కూర్చుంది. ఎటు కూర్చుందో తెలుసా? నక్కల వైపు.

"బాతులు నీవి కదే తల్లీ!" అన్నాడు ఆచారి.

నూకాలు అడ్డంగా తలూపింది. చేసేది లేక ఆయనే బాతులు పట్టాడు. ఆ పిల్ల ఒక్కొక్క బాతునీ తినేసింది. మాట్లాడలేదు. గెలిచాక నవ్వలేదు. లేచి, మళ్ళీ ఉప్పు పోగుచెయ్యడానికి వెళ్ళిపోయింది.

ఆచారి అక్కడే ఇసకలో కూర్చుని ఏడ్చాడమ్మా. పొద్దు వాలాక పడవెక్కాడు.

ఆ తర్వాత పాకలో ఆట మళ్ళీ సాగింది. ఎవరైనా వచ్చి ఆట బాగాలేదంటే, ఆచారి కసురుకునేవాడు కాదు, సరేననేవాడూ కాదు. "కూర్చో, ఆడి చూద్దాం" అనేవాడు. ఒక్కోసారి వాళ్ళ మాట నిజమయ్యేది, ఒక గీత మార్చేవాడు. చాలాసార్లు అయ్యేది కాదు.

"నూకాలు మళ్ళీ వచ్చిందా అమ్మమ్మా?"

రాలేదు కన్నా.

"ఎందుకు రాలేదు?"

ఏమో తల్లీ. ఇలా దగ్గరికి రా. దుప్పటి కప్పుకో.

ఏటిలో నీళ్ళు కడలికి,
ఎక్కిన పడవలు రేవుకి,
కథ నడిచింది కంచికి,
కన్నా, నువ్వు నిద్దరకి.