చొక్కా ఎడమ చెయ్యి

యానాంలో ఫ్రెంచి చదువు చెప్పే పేరావధాని గారికి ఒక అలవాటు ఉండేది. ఎవరేమడిగినా ఔననీ కాదనీ అనరు. ఏదో ఒక సంగతి చెప్పి ఊరుకుంటారు. ఫ్రెంచి దొరగారి దగ్గర ఆయన మాటలు తెలుగులో చెప్పే దుబాసీ ఉద్యోగం దొరికిన శిష్యుడు సోమరాజు, చేరబోయే ముందు వచ్చి అడిగాడు: "ఎప్పుడూ దొర పక్కనే ఉండే పని కదండీ. అవసరం పడిన రోజున మనవాళ్ల తరఫున నోరు విప్పగలను కదా?"

అవధాని గారు చెప్పిన సంగతి ఇది.

ఫ్రాన్సులో మొర్వాల్ అని ఒక పెద్దింటి ప్రభువు. పొద్దున్నే రాజుగారు చొక్కా తొడుక్కునేటప్పుడు దాని ఎడమ చెయ్యి పట్టుకుని నిలబడే హక్కు ఆయన వంశానిది. కుడి చెయ్యి ఇంకొకరిది, అది ఇంకా పెద్ద గౌరవం. మనకు నవ్వొస్తుంది గానీ, ఆ చొక్కా చేతుల కోసం కత్తులు దూసుకున్న వంశాలున్నాయి. మొర్వాల్ ముప్పై ఏళ్లు ఒక్క పొద్దు కూడా తప్పలేదు. ఒళ్లు కాలిపోతున్నా వెళ్లాడు, తల్లిని మట్టి చేసిన మర్నాడూ వెళ్లాడు. అక్కడ రాజు పలకరిస్తే తప్ప ఎవరూ మాట్లాడకూడదు.

ఆయనకు ఒక్కగానొక్క కొడుకు, ఎతియెన్. ఇరవై రెండేళ్లవాడు, నోటి దురుసు మనిషి. రాజుగారి ప్రియురాలి మీద ఎగతాళి పద్యం కట్టి నలుగురిలో చదివాడు. మర్నాడే సముద్రపు ఒడ్డున ఒక కోటలో, చెమ్మ కారే కొట్లో పడేశారు. ఆరు నెలలకు నెత్తురు కక్కుతున్నాడని కబురొచ్చింది. ఈ చలికాలం దాటడని వైద్యుడు తేల్చేశాడు. తండ్రి మాత్రం రోజూ రాజుకు జానెడు దూరంలో నిలబడుతూ, ఇవాళ కాదు రేపు అడుగుదామనుకుంటూ గడిపాడు.

చివరకు ఆయన భార్య అదెలైద్ అభిమానం చంపుకుని ఆ ప్రియురాలి ఇంటికే వెళ్లింది. పరువున్న ఇల్లాళ్లు తొక్కని గడప అది. కాళ్ల మీద పడితే ఆవిడ మనసు కరిగింది.

"నా కోపం ఎప్పుడో పోయిందమ్మా. రేపు పొద్దున రాజుగారి చేతే అడిగిస్తాను. మీవారిని ఉన్నదున్నట్టు చెప్పమనండి, చాలు" అంది.

అదెలైద్ ఇంటికొచ్చి భర్తతో, "మీరేం బతిమాలక్కర్లేదు. ఆయన అడుగుతారు. 'నా కొడుకు చచ్చిపోతున్నాడు' అనండి. మూడే ముక్కలు" అంది. మర్నాడు బండిలో దారి పొడుగునా మొర్వాల్ ఆ మూడు ముక్కలే వల్లించుకున్నాడు.

రాజు ఎడమ చెయ్యి చొక్కాలో దూర్చి, తల తిప్పి, కావాలనే కాసేపు ఆగాడు.

"ఇంట్లో అందరూ ఎలా ఉన్నారు మొర్వాల్?"

మొర్వాల్ నడుం దానంతటదే వంగింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"తమ దయ వల్ల అందరూ క్షేమం, ప్రభూ."

రాజు ఇంకో క్షణం చూసి, "సంతోషం" అని బొత్తాలు పెట్టించుకోవడానికి మెడ ఎత్తాడు. తానేమన్నాడో మొర్వాల్‌కు అప్పుడు తెలిసింది. అప్పుడైనా అరిచి చెప్పవచ్చు. కానీ అడక్కుండా మాట్లాడితే రేపటి నుంచి ఆ గదిలోకి రానివ్వరు. కన్న తండ్రి అయి ఉండి, సిగ్గు లేకుండా చేతిలోని గుడ్డ ముడత సరిచేస్తూ నిలబడ్డాడు.

మూడు వారాలకు ఎతియెన్ పోయాడు. ఇంటి గొడవలతో తనను ఇబ్బంది పెట్టనందుకు రాజు మెచ్చుకుని, మొర్వాల్‌ను కుడి చేతి వైపుకు మార్చాడు. ఆయన కళ్లకద్దుకుని పుచ్చుకున్నాడు. అదెలైద్ బతికినన్నాళ్లూ ఆయనతో మాట్లాడలేదు.

"రాజే పిలిచి అడిగాడు కదండీ. ఆ తండ్రికి మాట ఎందుకు రాలేదు?" అన్నాడు సోమరాజు.

"రాకపోవడమేం నాయనా, వచ్చింది" అన్నారు అవధాని గారు. "ముప్పై ఏళ్లు నేర్చుకున్నదే వచ్చింది."