కోసేసిన ఊపిరి

ఓబులేసు గొంతుకు ఏమీ కాలేదు. పాడైంది ఊపిరితిత్తి.

క్షయ వచ్చి తగ్గింది గానీ, పోతూ పోతూ ఎడమవైపు ఊపిరితిత్తిని ఎండబెట్టి మరీ పోయింది. అప్పటి నుంచి తత్వం ఎత్తుకుంటే చరణం సగంలోనే గాలి చాలదు. ఆగి పీల్చుకోవాలి. పీల్చినప్పుడల్లా తుప్పు పట్టిన బోరింగు కొట్టినట్టు ఛాతీలోంచి కీచుమని ఒక చప్పుడు.

ఒకప్పుడు ఆదోని చుట్టుపక్కల ఏ ఊళ్లో తత్వాల భజన జరిగినా ముందు పాట ఓబులేసుదే. ఇప్పుడు పున్నమి భజనకు వెళ్తే జనం పాట వినడం మానేసి అతని ఛాతీ వైపు చూస్తున్నారు. తిట్టినా పడేవాడేమో గానీ ఆ జాలి చూపులు పడలేకపోయాడు. వెళ్లడం మానేశాడు. పాట తప్ప ఇంకో ధ్యాస ఎరగని మనిషి, పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. భార్య అన్నం పెట్టి పిలిస్తే ఒకసారి లేచేవాడు, ఒకసారి లేచేవాడు కాదు. ఆసుపత్రిలో డాక్టరు కూడా మొహమాటపడలేదు. ఇక పాటలు కట్టిపెట్టమన్నాడు. రెండోవైపుది మాత్రం ఎన్నాళ్లు పనిచేస్తుందో తాను చెప్పలేనన్నాడు.

అలాంటప్పుడు కరుణాకర్ రికార్డింగు మాట ఎత్తాడు. బస్టాండు వెనక మేడమీద అతనికో చిన్న స్టూడియో ఉంది. ఊరేగింపు పాటలు, ఎన్నికల పాటలు, పెళ్లి వీడియోల పాటలు అన్నీ అక్కడే తయారవుతాయి. పాటంతా ఒక్క బిగిన పాడక్కర్లేదని, ముక్కలు ముక్కలుగా పాడితే తాను అతికిస్తానని, మధ్యలో ఊపిరి చప్పుడు వస్తే కంప్యూటర్లో కోసేస్తానని చెప్పాడు. మంచి కుర్రాడు. సాయం చేద్దామనే చెప్పాడు.

ఓబులేసు వెళ్లాడు. గోడలకు స్పాంజి అతికించిన ఇరుకు గది, ఎదురుగా మైకు, చెవులకు హెడ్‌ఫోన్లు. నాలుగు మాటలు పాడటం, గోడకు ఆనుకుని ఆయాసం తీర్చుకోవడం, మళ్లీ నాలుగు మాటలు. అద్దం అవతలి నుంచి కరుణాకర్ ఓపిగ్గా ఇంకో టేక్ తీసుకుందామనేవాడు. హెడ్‌ఫోన్లలో తన ఊపిరి తనకే వినిపించేది. అంత దగ్గరగా అతను దాన్ని ఎన్నడూ వినలేదు. వింటూంటే సిగ్గేసింది, అసహ్యమేసింది. ఒక్కటి కూడా మిగలకుండా తీసెయ్యమని తనే ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

చివరికి పాట తయారైంది. వినిపిస్తే ఓబులేసు కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఏడ్చాడు. జబ్బు రాకముందటి ఓబులేసు పాడుతున్నాడు. ఎక్కడా ఆగడు, ఎక్కడా ఆయాసపడడు.

ఆ పాటను ఫోన్లో వేసుకుని ఫకీరప్ప స్వామి దగ్గరకు బయల్దేరాడు. ఓబులేసుకు తత్వాలు నేర్పింది ఆయనే. ఎనభై దాటిన మనిషి, గుట్ట కింద ఒంటిగది మఠంలో ఉంటాడు. మాటలు తక్కువ. ఓబులేసు ఆయన కాళ్లకు దండం పెట్టి, తన మనసులో ఉన్నదంతా చెప్పుకున్నాడు. తను ఇక పాడలేడు. వచ్చే పున్నమి నుంచి భజనలో ఈ పాటను స్పీకర్లో పెట్టనివ్వాలి. తను ఒక మూల కూర్చుని వింటాడు. రేపు తను లేకపోయినా ఇది ఉంటుంది. లోకంలో తనది అంటూ మిగిలేది ఇదొక్కటే, కాదనవద్దు.

స్వామి చిడతలు తెచ్చుకుని, నిటారుగా కూర్చుని, పెట్టమని చెయ్యి ఊపాడు.

వాళ్ల భజనలో ఒక పద్ధతి ఉంది. వంత పాడేవాళ్లకు ఎవరూ సైగ చెయ్యరు. ముందు పాటగాడు ఊపిరి పీల్చిన చోట వాళ్లు అందుకోవాలి. వాళ్లు పాడుతున్నంతసేపు అతను తేరుకుంటాడు. అతను మళ్లీ ఎత్తుకుంటే వీళ్లు తేరుకుంటారు. స్వామి దగ్గర ఎవరు చేరినా నేర్చుకునే మొదటి పాఠం అదే.

ఫోన్లో పాట మొదలైంది. స్వామి వంత అందుకోవడానికి నోరు తెరిచి కాచుకున్నాడు. పాదం అయిపోయింది. వెంటనే రెండో పాదం వచ్చేసింది. ఆయన మళ్లీ కాచుకున్నాడు. మూడోదీ వచ్చేసింది. అప్పుడాయన ఇక కాచుకోలేదు, ఫోన్లోని ఓబులేసుతో పాటు తనూ పాడసాగాడు. పాట ఎక్కడా ఆగలేదు, ఆయనా ఆగలేదు.

గురువు తన పాటతో గొంతు కలిపాడని ఓబులేసు మొదట పొంగిపోయాడు. అంతలో ఆయన మెడనరాలు ఉబ్బాయి. మొహం నల్లబడింది. గొంతు సన్నగిల్లి పెదవులు మాత్రమే కదులుతున్నాయి. చేతిలోంచి చిడతలు జారి కింద పడ్డాయి. ఓబులేసు హడలిపోయి ఫోను ఆపేశాడు.

స్వామి గోడకు ఆనుకుని చాలాసేపు ఒగర్చాడు. ఓబులేసు ఆయన వీపు నిమిరి, మంచినీళ్లు తాగించి, ఎందుకు స్వామీ ఇట్లా చేసినారని అడిగాడు.

"నువ్వు పీల్చినప్పుడు నేనూ పీల్చుకుందామని చూసినానప్పా," అన్నాడు స్వామి. "నువ్వు పీల్చనే లేదు."

ఓబులేసు తల వంచుకున్నాడు. "నా ఊపిరి నలుగురూ వినేట్టు లేదు స్వామీ," అన్నాడు.

గదిలో స్వామి ఆయాసం ఒక్కటే వినపడుతోంది. ముసలి ఛాతీలోంచి, అచ్చం ఓబులేసుకు వచ్చినట్టే, కీచుమని.

ఓబులేసు చాలాసేపు దాన్నే వింటూ కూర్చున్నాడు. తర్వాత లేచి అరుగు మీదికి వెళ్లి కరుణాకర్‌కు ఫోను చేశాడు. కోసిన ఊపిరి ముక్కలు ఎక్కడైనా దాచినావా, పాటలో మళ్లీ ఎక్కడివక్కడ పెట్టడానికవుతుందా అని అడిగాడు. కరుణాకర్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక, అవి ఎవరైనా దాచుకుంటారా అన్నా, అప్పుడే తీసి పారేసినా గదా అన్నాడు.

తిరిగి పాడటమంటే మాటలు కాదు. అది ఓబులేసుకు తెలుసు, డాక్టరుకూ తెలుసు. అతను గదిలోకి వచ్చి స్వామి ఎదురుగా కూలబడ్డాడు. ఏడుపు కూడా రాలేదు.

"కోసిన ఊపిర్లు లేవంట స్వామీ. అన్నీ పారేసినాడంట."

స్వామి అతని ఛాతీ మీద చెయ్యి పెట్టాడు. ఆ చెయ్యి కింద ఛాతీ లేవడం, దిగడం కాసేపు చూశాడు.

"నీకాడ ఇంకా కొన్ని ఉండాయి గదప్పా," అన్నాడు.