ఆఖరి యుద్ధం చూసిన మర్నాడు

పొద్దెక్కినా దర్గా వాకిలి చిమ్మలేదు. చిమ్మాల్సిన శిష్యుడు ఖాజావలి గడపమీద తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏమిరా, ఒంట్లో బాగలేదా?" అడిగాడు గురువు మస్తాన్ షా.

"బాగానే ఉంది బాబా. నా మీద నాకే అసహ్యంగా ఉంది."

సంగతేమిటంటే, నాలుగు రోజుల కింద హుసేనమ్మ కొడుకు దస్తగిరి మోటారు సైకిలు మీదనుంచి పడి చనిపోయాడు. ఇరవై రెండేళ్లవాడు. సాయంత్రం వాళ్లింట్లో ఖురాన్ చదివి, ఆ తల్లి దగ్గర కాసేపు కూర్చుని రమ్మని గురువు నిన్న ఇతన్ని పంపాడు. వెళ్లాడు, కాదనను. కానీ ఎనిమిదింటికి టీవీలో డ్రాగన్ల సీరియల్ ఆఖరి యుద్ధం! మనవాడి ప్రాణమంతా అక్కడే. గబగబా చదివేసి, రెండు పేజీలు ఒకేసారి తిప్పేసి, టీకొట్టుకు పరిగెత్తాడు.

"పోనీ, బాగుండిందా?" అన్నాడు గురువు.

"ఏం బాగు బాబా! అంతా చీకటే, ఎవడు ఎవణ్ని పొడిచినాడో కనపడలేదు. మూడేండ్లు ఊరించి ముప్పావుగంటలో ముగించినారు. అయినా..." గడపమీద వేలితో గీతలు గీశాడు. "కోటవాకిలి కాడ కాపలా కాసే చిన్నోడు చనిపోతే వెక్కి వెక్కి ఏడ్చినా. టీకొట్టాయన తువ్వాలిచ్చినాడు. కండ్లు తుడుచుకుంటా ఉంటే గుర్తొచ్చింది. హుసేనమ్మ ఇంట్లో నాకు ఒక్క చుక్క రాలేదు బాబా."

తిడతాడనుకున్నాడు. తిడితే బాగుండుననిపించింది. గురువు చెప్పులేసుకుని, "పద" అన్నాడు.

హుసేనమ్మ చాప వేసింది. కూర్చోగానే గురువు, "అమ్మా, మీవాడు చూడాలని కాచుకున్న యుద్ధం మావాడు నిన్న చూసినాడు. చెప్తాడు" అన్నాడు.

ఖాజావలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆమె కోప్పడలేదు. ముందుకు జరిగింది. "నిజమా నాయనా? దస్తగిరి ఒక్క వారం కూడా తప్పలేదు. ఆఖరుదే చూడలేకపాయె. ఏమైందో చెప్పు."

చెప్పడం మొదలుపెట్టాడు. మంటలు, నిచ్చెనలు, కూలిన గోడలు అన్నీ చెప్పి, కోటవాకిలి దగ్గరికొచ్చి ఆగిపోయాడు.

"అక్కడ కాపలా చిన్నోడు ఉండాల. మావానికి వాడంటే శానా ఇష్టం. బతికినాడా?"

"లేదమ్మా."

హుసేనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొంగు తీసి, "వాళ్లమ్మకు ఎవరు చెప్పినారు?" అంది.

"చూపించలేదమ్మా."

"ఎవరో చెప్పింటారులే. మనం పొయ్యికాడ ఉంటే వచ్చి చెప్తారు."

ఖాజావలి తలెత్తి ఆమె ముఖం చూశాడు. నిన్న అంతసేపు ఎదురుగా కూర్చుని ఒక్కసారీ చూడలేదు.

గురువు లేచి, "నేను పోతా. నువ్వు కూర్చో" అన్నాడు.

చెప్పకపోయినా కూర్చునేవాడే.