వాన పడకుండా తడిసిన గూడు

అనగనగా, నోట్లోంచి మాటకంటే ముందు పొగ వచ్చేంత చలి ఉండే ఒక కొండపల్లె. ఆ పల్లెలో సోములమ్మ అనే అవ్వ. అవ్వ పెరట్లో ఒక మట్టిగూడు. ఆ గూట్లో కోళ్లూ బాతులూ కలిసే కాపురం.

చలికాలం వచ్చిందని అవ్వ గూట్లో ఎండుగడ్డి మందంగా పరిచింది. సాయంత్రం పూట గుప్పెడు చోళ్లు, అంటే రాగులు, ఎక్కువ వేసింది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లు పెట్టింది. చూరు కిందున్న గాలికంతను మాత్రం మూయలేదు.

"అవ్వకు మతిమరుపు! ఇంత కంత వదిలేస్తే చలి లోపలికి రాదూ?" అన్నాడు పుంజు. ఆ గూటికి తానే ఏలిక అనుకునేవాడు వాడు. కోళ్లన్నిటి చేతా గడ్డి మోయించి కంతను బిగించేశాడు.

తెల్లవారి లేస్తే పరిచిన గడ్డి చెమ్మగా ఉంది.

"వాన పడలేదే! ఈ తడి ఎక్కడిది?" అని చుక్కల పెట్ట మెడ వంచి చూసింది. దేన్నైనా అటూ ఇటూ తిరిగి చూస్తేగాని దానికి తోచదు.

మర్నాడు తడి ఇంకా ఎక్కువైంది. కోడిపిల్లలు తుమ్మడం మొదలుపెట్టాయి.

"ఇంకెవరు? ఈ బాతులే!" అని పుంజు ఎగిరిపడ్డాడు. "వాగునంతా ఒంటిమీద మోసుకొస్తున్నారు. నడవండి బయటికి!"

"ఒళ్లు దులుపుకునే వస్తున్నాం కదా, నాయనా. బయట నక్క తిరుగుతోంది" అంది ముసలి బాతు.

"నక్కకు మాత్రం చలి ఉండదా? అదీ ముడుచుకు పడుకుంటుందిలే!"

పాపం, బాతులు పొద్దుగూకాక కట్టెల చాటున తలదాచుకున్నాయి. నక్క పడుకోలేదు. ముసలి బాతుకు ప్రాణం దక్కింది గాని, తోక ఈకలు పోయాయి.

మూడో పొద్దున గూడు మరింత తడి!

"బాతులు లేవు, తడి ఉంది. ఇదేం చోద్యం, మావా?" అంది పెట్ట.

"నిన్నటిదేలే" అని పుంజు గొంతు సవరించుకున్నాడు. అంతలో కప్పు నుంచి టప్పున ఒక చుక్క వాడి ముక్కు మీదే పడింది.

పెట్ట ఆలోచించుకుంటూ వంటింటి గడప దగ్గరికి వెళ్లింది. లోపల అవ్వ అంబలి కాస్తోంది. కుండ మీద మూతగా పెట్టిన మూకుడు ఎత్తింది. దాని లోపలివైపు నిండా నీటిబొట్లు!

"ఏం చూస్తున్నావే, చుక్కలదానా? ఆవిరికి దారి లేకపోతే ఎక్కడికి పోతుందే? మూకుడికే అంటుకుంటుంది" అంటూ అవ్వ మూకుడును ఓరగా పెట్టింది. ఆవిరి సుళ్లు తిరుగుతూ పైకి పోయింది.

పెట్ట తన నోటి పొగను తాను చూసుకుంది. "అయ్యో! ఇన్ని నోళ్ల ఆవిరి గూట్లోనే ఉండిపోతోందే!" అంటూ పరుగెత్తింది. చూరు కిందికెగిరి, కంతలోని గడ్డి లాగిపారేసింది.

"బాతులు లోపలే ఉంటాయి, మావా. రేపు గూడు తడిస్తే నేనే నక్క దగ్గరికి పోతాను" అంది.

పుంజు పక్కకు జరిగి బాతులకు దారి ఇచ్చాడు. అవ్వ తడిగడ్డి తీసేసి పొడిగడ్డి పరిచింది.

తెల్లవారింది. గడ్డి గలగలలాడింది. కోడిపిల్లల తుమ్ములు తగ్గాయి.

పుంజు తల వంచుకుని ముసలి బాతు దగ్గరికి వచ్చాడు. "తప్పు నాదే, అత్తా. ఈ పూట నుంచి నా పక్కన పడుకో, వెచ్చగా ఉంటుంది."

"పడుకుంటాలే. చెవి దగ్గర మాత్రం కూయకు!" అంది బాతు.

పిల్లలూ, తప్పు ఎవరిదో చెప్పే ముందు, అసలు సంగతేమిటో ఓపికగా చూసి తెలుసుకోవాలి.