గేదెకు తెరిచిన కళ్లు

పరాంకుశం గారు చెక్కిన జంతువులకు ముఖాలుండవు. ఒక వంపు, ఒక బరువు, అంతే. అది చూసి పసిపిల్లలు కూడా ‘గేదె’ అనేస్తారు. పెద్దవాళ్లకే కాస్త ఆలస్యమవుతుంది.

ఆయన శిష్యుడు నాగలింగాచారికి ఆ ముఖాల్లేకపోవడమే బెంగ. ఆళ్లగడ్డలో తరతరాలుగా దేవుళ్లను చెక్కిన ఇల్లు అతనిది. కళ్లు తెరవనిదే రాయిని విగ్రహం అనరు అక్కడ. ఇక్కడ చూస్తే, గురువుగారు ఏడాదంతా ఒళ్లు హూనం చేసుకుని చెక్కిన నల్లరాతి గేదెకు కళ్లే లేవు. “ఇక అయిపోయింది చారీ” అని చెప్పి ఆయన కంటి ఆపరేషన్‌కి వెళ్లిపోయారు.

పాపం, చూపు ఆనక వదిలేశారు అనుకున్నాడు చారి. గురువు మీది ప్రేమకొద్దీ సన్న ఉలి తీసి గేదెకు రెండు కళ్లు తెరిచాడు. రెప్పల అంచులు కూడా వదల్లేదు. ఎంత చక్కగా కుదిరాయో!

ఆయన తిరిగొచ్చిన రోజు, చారి మురిసిపోతూ గేదె మీద కప్పిన గుడ్డ లాగాడు.

పరాంకుశం గారు కొయ్యబారిపోయారు. నల్లకళ్లద్దాలు తీసి మళ్లీ చూశారు. చేతిలోని సంచి జారి, మందుసీసాలు నేలమీద పగిలాయి.

తప్పు చేశానని చారికి అర్థమైంది. రాతిలోంచి పోయిన ముక్క బ్రహ్మదేవుడొచ్చినా అతకదు.

“మర్చిపోయినారేమో అనుకొని... నేనే తెరిచినానయ్యా.”

ఆయన నల్లకళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నారు.

“దేవుడికి కళ్లు తెరిచేటప్పుడు మీ నాన్న ఎదురుగా నిలబడతాడా?”

“లేదయ్యా. అద్దం పెడతాము. తొలిచూపు దాని మీదనే పడాల. మనిషి తట్టుకోలేడు.”

“దీనికి పెట్టావా?”

“గేదెకు ఎందుకయ్యా?”

“అయితే ఎదురుగా నిలబడు.”

చారి నిలబడ్డాడు. రెండు అందమైన కళ్లు. ఎంతసేపు చూసినా ఏమీ కాలేదు.

పరాంకుశం గారు వచ్చి, గేదె ఉన్న తిరుగుడు పీటను ఒక్క తోపు తోశారు. కళ్లు అటు తిరిగిపోయాయి. ఇటు మిగిలింది నల్లటి వెన్ను, పక్కకు ఒరిగిన బరువు, అడుగున ఎక్కడో కూడుకుంటున్న బలం.

“పక్కకి జరుగు చారీ,” అన్నారాయన మెల్లగా. “లేస్తోంది.”

చారి ఒక్క గెంతున వెళ్లి పక్కగోడకు అంటుకుపోయాడు.

అక్కణ్ణుంచి తను చెక్కిన కళ్లు కనిపిస్తున్నాయి. అటునుంచి చూస్తే గేదె మళ్లీ ఉత్త రాయే. చారి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.