మొన్న వచ్చిన అన్న

చౌడప్ప సారుకు ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా అడిగితే ఆ రోజే జవాబు చెప్పేవారు కాదు. "చూద్దాంలే అప్పా" అని కండువా దులుపుకుని లేచిపోయేవారు. ముప్పై ఏళ్లు బడిపంతులుగా పనిచేసి, ఆ తర్వాత కదిరి దగ్గర తన ఇంట్లోనే పడుచువాళ్లకు ఒక విద్య నేర్పుతుండేవారు ఆయన. పిల్లలకు కథలు చెప్పే విద్య.

సోంపేట వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి అప్పలసూరి ఆ విద్య కోసమే వచ్చాడు. ఆరు నెలలు గురువు దగ్గర విని, ఒక శనివారం నల్లగుట్టపల్లి బడి వరండాలో మొదటిసారి పిల్లల ముందు నిలబడ్డాడు.

"ఒక గుంట అడివిలో తప్పిపోనాది" అని మొదలుపెట్టాడు.

పిల్లలు గొల్లున నవ్వారు. సూరి ఊళ్లో గుంట అంటే ఆడపిల్ల. ఆ సీమ పిల్లలకు మాత్రం నేలలో గొయ్యి. "గుంత ఎట్ల తప్పిపోతాదన్నా? దానికి కాళ్లుంటాయా?" అన్నాడొకడు. ఆపైన సూరి నోరు తెరిస్తే చాలు, నవ్వే. ముందు వరసలో కూర్చున్న సుంకులు అనే ఐదేళ్ల పిల్లయితే అతను అన్న ప్రతి మాటనీ తానూ అని చూసుకుంటూ, పొట్ట పట్టుకుని దొర్లింది. సూరి కథ ఎలాగో ముగించాడు గాని చెవులు మండిపోయాయి.

ఆ సాయంత్రం గురువు ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "గురువుగారూ, నా యాసకి పిల్లలు నవ్వుతన్నారు. దీన్ని మార్చీసుకోమంటారా, నేదంటే నన్నే ఇంటికెల్లిపోమంటారా?"

"చూద్దాంలే అప్పా" అన్నారు సారు.

సూరికి ఆగే ఓపిక లేదు. వారం రోజులు రేడియో వార్తల పక్కన కూర్చుని ఒక్కొక్క మాటనూ అలాగే పలికాడు. ఇంటి మాట నాలుక మీదికి వస్తే మింగేశాడు. మరుసటి శనివారం తెల్లచొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని అదే బడికి వెళ్లాడు. సారు కూడా వెంట వెళ్లి వెనక గోడకు ఆనుకుని కూర్చున్నారు.

"ఒక బాలిక అడవిలో దారి తప్పిపోయింది" అన్నాడు సూరి.

ఒక్కరూ నవ్వలేదు. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజులాగా చేతులు కట్టుకుని కూర్చున్నారు. కథ అయ్యాక లేచి, "నమస్కారం సార్" అని ఒక్క గొంతుతో పలికి వెళ్లిపోయారు. చూశారా అన్నట్టు సూరి గురువు వైపు తిరిగాడు. ఆయన ఎటో చూస్తున్నారు.

సుంకులు మాత్రం కదల్లేదు. గౌను జేబు ఉబ్బెత్తుగా ఉంది. దాన్ని అరచేత్తో మూసుకుని సూరిని కిందినుంచి పైదాకా చూసింది.

"నువ్వు ఆయప్ప తమ్మునివా?"

"ఎవరి తమ్ముణ్ణి, పాపా?"

"మొన్న వచ్చినాడే, ఆ అన్న. నీ మొగమూ అట్లే ఉంది. ఆయప్ప ఎందుకు రాలేదు? జరమొచ్చిందా?"

"ఆయనతో నీకేం పని?" అన్నాడు సూరి.

"మంచంలో ఉండే మా ముసిలి జేజికి ఆయప్ప మాదిరి కథ చెప్పినా. జేజి దగ్గొచ్చేదాకా నవ్వింది. ఇంగోటి నేర్చుకోని రమ్మనింది." జేబులోంచి గుప్పెడు వేయించిన శనక్కాయలు తీసి అతని చేతిలో పోసింది. పోసి, అనుమానంగా చూసింది. "ఇవి ఆయప్పకియ్యి. నువ్వు తినద్దు."

సూరి ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. వారం రోజులు మింగిన మాటలన్నీ ఒక్కసారి గొంతులోకి వచ్చాయి.

"ఏటే బంగారీ, అన్నీ ఆడికేనేటి? నాకొక్క గింజైనా ఎట్టవేటి?"

సుంకులు రెండు చేతులతో అతని చెంపలు పట్టుకుని, ముఖం అటూ ఇటూ తిప్పి చూసింది. మరుక్షణం గేటు వైపు పరుగెత్తుతూ, "రేయ్, ఆయప్పొచ్చినాడు! రాండిరోయ్!" అని కేక పెట్టింది.

వీధిలోకి పోయిన పిల్లలంతా దుమ్ము లేపుకుంటూ తిరిగి వచ్చారు. సూరి కథ మళ్లీ మొదటినుంచి చెప్పవలసి వచ్చింది. ఈసారి కూడా నవ్వారు, పోయిన వారం కంటే ఎక్కువే. కాని అడవిలో చీకటి పడి ఆ గుంట ఒక్కతే మిగిలిపోయినప్పుడు వరండాలో ఊపిరి చప్పుడు కూడా లేదు. సుంకులు కదిలి కదిలి అతని ఒడిలోకే వచ్చేసింది.

తిరుగుదారిలో గురుశిష్యులిద్దరూ శనక్కాయలు ఒలుచుకుంటూ నడిచారు. చాలాదూరం వచ్చాక సూరి అడిగాడు.

"గురువుగారూ, ఆ రోజు అడిగినదానికి మీరు జవాబు సెప్పనేదు."

చౌడప్ప సారు పొట్టు ఊదేసి, గింజ నోట్లో వేసుకున్నారు.

"యాస మార్చుకోవల్లనా అని అడిగింది మీ తమ్ముడు గదప్పా. ఆయప్ప మళ్లీ వస్తే చెప్తాలే."